హాబ్స్‌బామ్ జాతీయవాదం పుస్తకం చదివాక ఒక సందేహం: సామ్రాజ్యాల మీద ఆయనకు మమకారమా?

మడతపేజీ:

అందరికీ నమస్కారం. బ్రిటిష్ చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ 1990లో వేసిన 'నేషన్స్ అండ్ నేషనలిజం సిన్స్ 1780' నిన్న రాత్రి పూర్తి చేశాను. చూడటానికి చిన్న పుస్తకమే కానీ రెండు వారాలు పట్టింది. పేజీకో దేశం, పేజీకో ఉద్యమం, కింద గుంపులు గుంపులుగా ఫుట్‌నోట్లు.

నాకు అర్థమైనంతవరకు ఆయన చెప్పేది ఇది. జాతి అనాదిగా ఉన్నది కాదు. మహా అయితే రెండు వందల ఏళ్ల నాటిది. జాతి ముందు పుట్టి జాతీయవాదాన్ని కనలేదు, జాతీయవాదమూ రాజ్యమూ కలిసి జాతిని తయారు చేశాయి. 1789లో ఫ్రాన్స్ జనంలో సగం మందికి ఫ్రెంచే రాదట. 1860 ప్రాంతంలో ఇటలీ ఏకమైనప్పుడు రోజూ ఇటాలియన్ మాట్లాడేవాళ్లు నూటికి రెండున్నర మంది. ఈ అంకె దగ్గర పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా సామ్రాజ్యాల దగ్గరే. వియన్నా కేంద్రంగా పలు భాషల జనాన్ని ఏలిన సామ్రాజ్యం ఆస్ట్రియా-హంగరీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన గొంతు మెత్తబడినట్టు నాకనిపించింది. అది ముక్కలై పుట్టిన దేశాల దగ్గరికి వచ్చేసరికి గట్టిపడుతుంది. జీవితాంతం కమ్యూనిస్టుగా ఉన్న మనిషి, 'ఏజ్ ఆఫ్ ఎంపైర్' రాసిన మనిషి, ఒక సామ్రాజ్యం పోయిందని బాధపడతాడా? లేక నేనే తప్పుగా చదివానా? చదివినవాళ్లు కాస్త చెప్పండి.

వేగుచుక్క:

మీరు తప్పుగా చదవలేదండీ, కాకపోతే ఆయన జీవితం పక్కన పెట్టుకుని చదివితే ఆ మెత్తదనం ఎక్కడిదో తెలుస్తుంది.

పుట్టింది 1917 జూన్‌లో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. ఈజిప్టు అప్పుడు బ్రిటిష్ రక్షిత రాజ్యం. తండ్రి లండన్‌వాడు, పోలండ్ నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబం. తల్లిది వియన్నా. ఇంటిపేరు అసలు చివర్లో 'యూ' ఉండాల్సింది, పుట్టుక నమోదు చేసిన గుమాస్తా 'డబ్ల్యూ' రాసేశాడు. అదే ఖాయమైపోయింది. రెండేళ్ల వయసులో వియన్నా చేరాడు. 1929లో తండ్రి, 1931లో తల్లి పోయారు. బెర్లిన్‌లో బంధువుల ఇంట్లో పెరుగుతుండగా 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యాడు. బడి నుంచి చెల్లెలితో ఇంటికి నడుస్తూ పత్రిక శీర్షికలో ఆ వార్త చూశానని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ ఏడాదే లండన్. అప్పటికి పదహారేళ్ల లోపే నాలుగు నగరాలు, రెండు భాషలు.

మీరు చదివిన పుస్తకంలోనే ఒక ఫుట్‌బాల్ సంగతి ఉంటుంది, చూశారా? వియన్నాలో ఆస్ట్రియాకీ ఇంగ్లండ్‌కీ మ్యాచ్. స్నేహితుల ఇంట్లో పిల్లలంతా రేడియో చుట్టూ కూర్చున్నారు. ఈ పిల్లవాడి తండ్రి ఇంగ్లీషువాడు కాబట్టి ఆ గదిలో ఇంగ్లండ్ అంటే వీడే. ఇంగ్లండ్ గెలిస్తే నీ సంగతి చూస్తామని మిగతావాళ్లు ముందే చెప్పేశారు. అదృష్టం కొద్దీ మ్యాచ్ డ్రా అయింది. లక్షల మంది ఊహించుకునే జాతి, పేర్లతో సహా తెలిసిన పదకొండు మంది ఆటగాళ్లుగా కనబడితే నిజమనిపిస్తుందని ఆయన అక్కడే రాస్తాడు. ఆ వాక్యం రాసింది గ్రంథాలయంలో కూర్చుని కాదు, ఆ గదిని గుర్తు తెచ్చుకుని.

మడతపేజీ:

చూశాను గానీ సరదా ముచ్చటలా దాటేశాను. మీరు చెప్పాక మళ్లీ తీసి చదివాను. వాడు పెరగని దేశానికి ఆ గదిలో వాడే ప్రతినిధి. ఎవరూ వాణ్ని అడగలేదు కూడా.

గణాంకాలు:

"ఎవరూ అడగలేదు" అన్నారు కదా, అడిగితే ఏమవుతుందో నేను చెబుతాను. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం జనాభా లెక్కల మీద రాసింది. చాలామంది దాన్ని పట్టించుకోరు.

19వ శతాబ్దం మధ్యలో యూరప్ గణాంక నిపుణులు అంతర్జాతీయ మహాసభలు పెట్టుకునేవారు. వాళ్ల ముందు వచ్చిన ఒక ప్రశ్న: జనాభా లెక్కల్లో మనిషి జాతిని ఎలా నమోదు చేయాలి? చాలా తర్జనభర్జన పడి, 1873 నాటికి భాష అడగాలని తేల్చారు. ఆస్ట్రియాలో 1880 లెక్కల నుంచి అడగడం మొదలైంది. అక్కడి అధికారులు మాతృభాష అని పెట్టలేదు, 'రోజువారీ వాడుక భాష' అని పెట్టారు. జాతి గొడవ రాకూడదని. ఉద్దేశం మంచిదే.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తల్లి చెక్, తండ్రి జర్మన్, ఇంట్లో ఒకటి, పనిచోట ఇంకోటి. ఫారంలో గడి ఒక్కటే. రెండు భాషలు రాయడానికి వీల్లేదు. యిడ్డిష్ మాట్లాడే యూదులకైతే ఆ గడిలో వాళ్ల భాషకే చోటు లేదు, గుర్తింపు పొందిన భాషల జాబితాలో అది లేదు. పోలిష్ అనో జర్మన్ అనో రాయించుకోవాలి. ఆ రాత వరకు ఆ కుటుంబానికి 'మేమెవరం' అన్న ప్రశ్నకు ఒకే సమాధానం చెప్పాల్సిన అవసరం రాలేదు. గడి నింపాక వచ్చింది. హాబ్స్‌బామ్ వాదన సరిగ్గా ఇదే: భాష ప్రశ్న అడగడంతో లెక్కలు మనిషి చేత జాతిని, అందులోనూ భాషా జాతిని, మొదటిసారి బలవంతాన ఎంపిక చేయించాయి.

ఆ తర్వాత ప్రతి పదేళ్లకీ అదో ఎన్నికల్లా తయారైంది. సామ్రాజ్యంలోని రేవు పట్టణం ట్రియెస్టెలో 1910 లెక్కలు ఇటాలియన్ పురపాలక సిబ్బంది చేతుల మీదుగా జరిగితే స్లొవీన్ భాష మాట్లాడేవాళ్లను తక్కువ చేసి చూపారని గోల లేచి, ఫారాలన్నీ మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. స్లొవీన్ల సంఖ్య బాగా పెరిగింది. మనుషులు వాళ్లే, ఇళ్లు అవే.

కాబట్టి మడతపేజీ గారూ, ఆయన బాధ చక్రవర్తి పోయినందుకు కాదు. ఆ రెండు భాషల ఇల్లు పోయినందుకు. నేనైతే అలా చదివాను.

నల్లరేగడి:

గణాంకాలు గారి పోస్టు చాలా బాగుంది. కానీ నాకు ఇక్కడే మంట. రెండు భాషల ఇల్లు పోయిందని బాధపడటం వియన్నాలో పెరిగినవాడికి సాధ్యం. వియన్నా సామ్రాజ్యం వేరు, సముద్రం దాటి వచ్చి కూర్చున్న సామ్రాజ్యం వేరు. ఈ రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం, అక్కడే పొరపడుతున్నాం.

'ఏజ్ ఆఫ్ ఎంపైర్'లో ఆయనే లెక్క ఇస్తాడు. 1876 నుంచి 1915 లోపు భూమ్మీద ఉన్న నేలలో దాదాపు నాలుగో వంతును అరడజను దేశాలు పంచుకున్నాయి, లేదా చేతులు మార్చుకున్నాయి. బ్రిటన్ ఒక్కటే 40 లక్షల చదరపు మైళ్లు కలుపుకుంది. ఫ్రాన్స్ 35 లక్షలు. ఆ నేల మీది మనుషులను ఇష్టమేనా అని అడిగినవాడు లేడు.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించిన దర్బారు చూడండి. సంస్థానాధీశులను రప్పించి, యూరప్ తరహా రాజచిహ్నాలు కుట్టిన పట్టు జెండాలు వాళ్ల చేతిలో పెట్టారు. వాళ్ల వంశాల్లో ఎవరూ ఎన్నడూ చూడని చిహ్నాలవి. సరిగ్గా ఆ రోజుల్లోనే దక్షిణాదిన ధాత కరువు జనాన్ని ఊడ్చేస్తోంది. సామ్రాజ్యం అంటే నా మనసులో ముందు మెదిలేది ఈ రెండూ పక్కపక్కన. సామ్రాజ్యం పోయాక వచ్చిన దేశం ఎంత అసంపూర్ణమైనదైనా సరే, ఆ జెండాల తంతుకంటే మేలు.

వేగుచుక్క:

నల్లరేగడి గారూ, ఒక్క మాట. మీరు చెప్పిన ఆ దర్బారు మీద వివరంగా రాసింది మానవశాస్త్రవేత్త బెర్నార్డ్ కోన్. ఆ వ్యాసం వచ్చింది హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ కలిసి 1983లో సంపాదకత్వం వహించిన 'ఇన్వెన్షన్ ఆఫ్ ట్రెడిషన్'లోనే. అంటే ఈ సంగతి ఆయన కళ్లబడనిది కాదు. జాతులు తమ కోసం ప్రాచీన సంప్రదాయాలు కొత్తగా కల్పించుకున్నట్టే సామ్రాజ్యాలూ కల్పించాయని ఆ పుస్తకం మొత్తం చెబుతుంది. స్కాట్లండ్ మగవాళ్లు కట్టే గళ్ల పావడా 'కిల్ట్' ఎంత పాతదో, ఢిల్లీ దర్బారు 'మొఘల్' ఆచారం అంతే పాతది, అంటే అనుకున్నంత ప్రాచీనం కాదు.

నల్లరేగడి:

ఒప్పుకుంటాను. వ్యాసం వేశాడు. ఆయన సొంత సిద్ధాంతంలోకి మాత్రం అది రాలేదు. జాతుల పుస్తకంలో వలస దేశాలకు దక్కింది కొద్ది పేజీలు. ఆ నాయకులు పశ్చిమం నుంచి నేర్చుకున్న భాషలో మాట్లాడారు, వాళ్ల దేశాల సరిహద్దులు సామ్రాజ్యం గీసినవే అని చెప్పి ముందుకు వెళ్లిపోతాడు.

దీనికి మన దేశపు రాజకీయ సిద్ధాంతకర్త పార్థ చటర్జీ ఎప్పుడో బదులిచ్చాడు. ఆయన గురి ముఖ్యంగా, జాతి అంటే ఊహించుకున్న సమాజమన్న బెనెడిక్ట్ ఆండర్సన్ మీద అయినా హాబ్స్‌బామ్‌కీ తగులుతుంది. జాతిని ఊహించుకోవడానికి కావలసిన నమూనాలన్నీ యూరప్, అమెరికాలే తయారు చేసి పెట్టేశాయంటే, ఇక మనం ఊహించుకోవడానికి మిగిలిందేమిటి? మన ఊహ కూడా వలసేనా? చటర్జీ దృష్టిలో వలస పాలనలో ఉన్నవాళ్లు పాలన, ఆర్థికం లాంటి బయటి విషయాల్లో పశ్చిమాన్ని అనుసరించారు గానీ, భాష, సాహిత్యం, ఇల్లు, మతం అనే లోపలి గదిలోకి దాన్ని రానివ్వలేదు. స్వాతంత్ర్య పోరాటం బయట మొదలు కాకముందే అక్కడ సొంత రాజ్యం ఏర్పడింది.

చరిత్రకారుడు రణజిత్ గుహ అయితే 1983లోనే హాబ్స్‌బామ్‌తో నేరుగా తలపడ్డాడు. రైతు తిరుగుబాట్లను 'రాజకీయాలకు ముందు దశ' అని హాబ్స్‌బామ్ అంటే, వలస పాలనలో రైతు జమీందారు మీదా వడ్డీ వ్యాపారి మీదా కత్తి ఎత్తడమే రాజకీయమని గుహ నిలబడ్డాడు. ఈ విషయంలో నేను పూర్తిగా గుహ పక్షం.

పదకోశం:

చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను కొన్నేళ్లుగా చరిత్ర వ్యాసాలు అనువాదం చేస్తున్నాను. 'నేషన్' అన్న మాట వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగిపోతుంది. 'జాతి' అని రాస్తాం. మనకేమో పక్షి జాతి, మానవ జాతి, స్త్రీ జాతి, అన్నీ జాతులే. సంస్కృతంలో 'జన్' ధాతువు, పుట్టుక. విచిత్రం ఏమిటంటే లాటిన్ 'నాషియో' కూడా పుట్టుక అన్న మాటలోంచే వచ్చింది. అంటే రెండు చోట్లా ఈ పదం పుట్టుకతో వచ్చేదన్న భావాన్ని కడుపులో దాచుకునే తిరుగుతోంది.

హాబ్స్‌బామ్ దీన్నే పట్టుకుంటాడు. స్పెయిన్ రాజ అకాడమీ నిఘంటువు తిరగేసి, రాజ్యం, జాతి అన్న మాటలకు ఇప్పుడు మనకు తెలిసిన అర్థం 1884 కూర్పుకు ముందు అందులో లేదని చూపిస్తాడు. అంతకు ముందు 'నాసియోన్' అంటే ఒక ప్రాంతంలోనో రాజ్యంలోనో ఉండే జనం, అంతే. పరాయివాడు అన్న అర్థం కూడా ఉండేది! ఒక నిఘంటువు రెండు కూర్పుల మధ్య ఇంత జరిగిందంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకొకటి. 'అంతర్జాతీయ' అన్న మాట ఇంగ్లీషులో పుట్టించింది జెరెమీ బెంథామ్, 1780లలో. హాబ్స్‌బామ్ పుస్తకం మొదలయ్యే కాలమే. తెలుగులోనూ 'అంతర్జాతీయ'లో 'జాతి' ఉంది చూడండి. జాతులు లేకపోతే వాటి మధ్య అన్న మాటే లేదు. అంతర్జాతీయత జాతీయవాదానికి శత్రువని మనం అనుకుంటాం గానీ, పదాల లెక్కలో రెండూ ఒకే ఇంట్లో పుట్టాయి.

మడతపేజీ:

పదకోశం గారూ, మీరు దూరినందుకు సంతోషం. నేను పోస్టు పెట్టినప్పుడు శీర్షికలో అంతర్జాతీయత అని రాసి తీసేశాను, సామ్రాజ్యం ఒక్కటే అడుగుదామని. ఇప్పుడు అది కూడా అడగాల్సి వస్తోంది. అంతర్జాతీయతను అంతగా నమ్మినవాడు 1914ను ఎలా మింగగలిగాడు?

ఇసకతిన్నె:

1914 మీద నేను రాస్తాను, నాకిష్టమైన, నన్ను చాలా బాధపెట్టిన విషయం.

1912 నవంబరులో స్విట్జర్లండ్‌లోని బాజిల్ నగరంలో సోషలిస్టు పార్టీల అంతర్జాతీయ సంస్థ రెండో ఇంటర్నేషనల్ ప్రత్యేక మహాసభ జరిగింది. బాల్కన్ యుద్ధం నడుస్తోంది, అది యూరప్ అంతటా అంటుకుంటుందని భయం. సభ జరిగింది పెద్ద చర్చిలో, సోషలిస్టులకు చర్చి తలుపులు తీశారు. ఫ్రెంచ్ సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ అక్కడ మాట్లాడాడు. యుద్ధం వస్తే కార్మికులు అడ్డుకుంటారని తీర్మానం. ఇరవై నెలల తర్వాత, 1914 జూలై 31 రాత్రి, పారిస్‌లో ఒక కఫేలో భోజనం చేస్తున్న జోరెస్‌ను కిటికీలోంచి కాల్చి చంపారు. ఆగస్టు 4న జర్మన్ సోషల్ డెమోక్రాట్లు పార్లమెంటులో యుద్ధ రుణాలకు ఓటేశారు. యూరప్‌లోకెల్లా పెద్ద సోషలిస్టు పార్టీ అది. డిసెంబరులో మళ్లీ డబ్బు అడిగినప్పుడు వ్యతిరేకంగా లేచిన చెయ్యి ఒక్కటే, కార్ల్ లీబ్‌క్‌నెక్ట్‌ది. ఇక జోరెస్ హంతకుడు? 1919లో కోర్టు అతణ్ని నిర్దోషి అని వదిలేసింది. 

మామూలుగా ఈ కథ చెప్పేవాళ్లు 'చూశారా, జాతి ముందు వర్గం ఓడిపోయింది' అని ముగిస్తారు. హాబ్స్‌బామ్ అలా ముగించడు. ఆయన అడిగేది వేరు: ఆ కార్మికుడు జెండా పట్టుకున్నప్పుడు సోషలిస్టు కావడం మానేశాడా? లేదంటాడు. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి, ఇంకా నాలుగైదు ఉన్నాయి. ఏది పైకి వస్తుందన్నది ఆ సమయాన్ని బట్టి.

దీనికి ఆయన చూపే ఆధారం పీటర్ హనాక్ అనే హంగరీ చరిత్రకారుడు పరిశీలించిన ఉత్తరాలు. మొదటి యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైనికులకు ఇంటి నుంచి వచ్చిన, సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలను వియన్నా, బుడాపెస్ట్ సెన్సారు అధికారులు ఆపి దాచారు. పేద రైతు కుటుంబాలు, కార్మిక కుటుంబాలు, ఎన్నో భాషలు. వాటిలో జాతి గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. కానీ ఎక్కువ వినబడేది మరొకటి: ఆకలి, దొరలకు అన్నీ ఉన్నాయి మాకేమీ లేదు, వీడు తిరిగొస్తాడా, శాంతి ఎప్పుడు. 1917 చివర రష్యా విప్లవం వార్త వచ్చాక ఈ శాంతి ఆశ మరీ ఎక్కువైంది. 1918 జనవరిలో వియన్నా, బుడాపెస్ట్ కార్మికులు పెద్ద సమ్మె చేశారు. అది అణిగిపోయింది. ఆ తర్వాతే శాంతి కావాలన్న కోరిక 'మన దేశం మనకొస్తే శాంతి వస్తుంది' అన్న దారి పట్టింది. లెనిన్ చూపిన విప్లవం దారి మూసుకుపోతుంటే, జాతికో రాజ్యం అన్న అమెరికా అధ్యక్షుడు విల్సన్ దారి తెరుచుకుంది. అంతేగానీ ముందునుంచీ జనం జాతి రాజ్యం కోసమే కాచుకుని కూర్చోలేదు.

నాకు ఇది ఆయన రాసినవాటిలో అన్నిటికంటే గట్టి భాగం. నాయకుల ప్రసంగాలు వదిలిపెట్టి, సెన్సారు కత్తెర కింద పడ్డ ఒక తల్లి ఉత్తరం చదవడం.

నల్లరేగడి:

ఇసకతిన్నె గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

కానీ అంతర్జాతీయత కథ 1914లో ఆగిపోయిందనుకుంటే మళ్లీ యూరప్‌లోనే ఉండిపోతాం. నా దృష్టిలో 20వ శతాబ్దంలో నిజమైన అంతర్జాతీయవాదులు వలస పాలనలో ఉన్న దేశాలవాళ్లే. 1919లో పారిస్ శాంతి సమావేశానికి హో చి మిన్ వియత్నాం తరఫున విన్నపం పంపితే పట్టించుకున్నవాడు లేడు. మరుసటి ఏడాది మాస్కోలో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండో మహాసభలో ఎం.ఎన్. రాయ్ లెనిన్‌తోనే వాదించాడు, వలస దేశాల్లో జాతీయ బూర్జువాలను (సొంత పెట్టుబడిదారీ వర్గాన్ని) ఎంతవరకు నమ్మాలని. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సభకు నెహ్రూ వెళ్లాడు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఒకే గదిలో కూర్చున్నారు. 1945లో మాంచెస్టర్‌లో పాన్ ఆఫ్రికన్ సభలో తర్వాత ఘనా, కెన్యా నాయకులైన ఎన్‌క్రుమా, కెన్యాటా ఉన్నారు.

వీళ్లంతా జాతీయవాదులే, అంతర్జాతీయవాదులే. వాళ్లకు ఈ రెండింటి మధ్య ఎంపిక అన్న ప్రశ్నే రాలేదు, ఎందుకంటే ఎదురుగా ఉన్న సామ్రాజ్యం అంతర్జాతీయమైనది. దాంతో పోరాడాలంటే నీ ఊరు ఒక్కటే చాలదు. హాబ్స్‌బామ్ ఉత్తరాల్లో వెతికిన 'రెండూ ఉన్న మనిషి' బ్రస్సెల్స్‌లో బహిరంగంగా వేదిక మీద నిలబడి ఉన్నాడు. అక్కడ ఆయన ఎక్కువసేపు ఆగలేదన్నదే నా బాధ.

వేగుచుక్క:

ఇది ఒప్పుకోవాల్సిందే. నా దగ్గర జవాబు లేదు.

తూర్పుగాలి:

కొత్తగా చేరాను. అందరూ ఆయన్ను మెచ్చుకుంటున్నారు గానీ అసలు జోస్యం తప్పింది కదా? పుస్తకం చివరి పేరాలో జర్మన్ తత్వవేత్త హెగెల్ గుడ్లగూబను తెచ్చి, జ్ఞానదేవత గుడ్లగూబ సంధ్యవేళే ఎగురుతుంది, ఇప్పుడది జాతుల చుట్టూ తిరుగుతోంది, మంచి శకునం అంటాడు. అంటే జాతుల కాలం పొద్దువాలుతోందని. ఇది అచ్చయింది 1990లో. 1991లో సోవియట్ యూనియన్ పదిహేను దేశాలైంది, యుగొస్లావియా రక్తంలో మునిగింది. జాతీయవాదం నిపుణుడు అని పేరున్న మనిషికి ఏడాది ముందు కూడా కనబడలేదు.

ఇసకతిన్నె:

తూర్పుగాలి గారూ, న్యాయమైన దెబ్బే. 1992 కూర్పు చివరి అధ్యాయంలో ఆయన ఈ మార్పులను చర్చించాడు. అందులోనూ, ఆ రోజుల్లో చేసిన ప్రసంగాల్లోనూ చెప్పిందేమిటంటే, 1991లో పగిలింది 1918–21 మధ్య అతికించినదేనని. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ముగించిన బ్రెస్ట్-లిటోవ్‌స్క్, వెర్సాయ్ సంధుల్లో పెట్టిన గుడ్లు ఇప్పుడు పొదుగుతున్నాయన్న అర్థంలో అన్నాడు. జాతీయవాదం బలంగా ఉంది కాబట్టి రాజ్యం కూలలేదు, రాజ్యం కూలింది కాబట్టి జాతీయవాదం ఆ ఖాళీలోకి వచ్చింది. మాస్కోలో కేంద్రం చేతులెత్తేశాక మనిషికి పట్టుకోవడానికి దొరికింది అది.

ఇది మంచి జవాబే, సగానికి. మిగతా సగం, జాతుల వేళ్లు పాతవేనన్న పండితుడు ఆంథనీ స్మిత్ లాంటివాళ్లు అడిగింది: ఖాళీలోకి జాతే ఎందుకు వచ్చింది? వర్గం ఎందుకు రాలేదు? అంటే కింద ఏదో పాత పొర ఉంది కదా, కథలు, పాటలు, సమాధులు. దాన్ని 'జాతికి ముందరి బంధాలు' అని హాబ్స్‌బామ్ ఒక అధ్యాయంలో ఒప్పుకుంటాడు గానీ దానికి బరువివ్వడు. నాకైతే స్మిత్ వైపు కొంత మొగ్గు ఉంది.

పదకోశం:

ఇక్కడ ఒక తేడా గమనించాలి. 'కల్పించినది' అన్నప్పుడు హాబ్స్‌బామ్ గొంతులో, జాతీయవాదం మీదే రాసిన ఎర్నెస్ట్ గెల్నర్ గొంతులో 'కాబట్టి బూటకం' అన్న ధ్వని వస్తుంది. ఆండర్సన్ దీన్నే తప్పుపట్టాడు: గెల్నర్ కల్పనను కపటంతో ఒకటి చేస్తున్నాడు, మొహాలు తెలియని మనుషుల సమాజం ఏదైనా ఊహలోంచి పుట్టేదే అని. తెలుగులో నాకు ఇది అనువదించడం తేలికైంది. 'కట్టుకథ' వేరు, 'కట్టిన ఇల్లు' వేరు. కట్టిన ఇల్లు కట్టినదే, అయినా అందులో కాపురం నిజం.

గణాంకాలు:

పదకోశం గారి మాట బాగుంది. అయితే ఇంట్లోంచి బయటకు గెంటేసిన వాళ్ల సంగతీ చూడాలి. 1923లో లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీసు, టర్కీ జనాభాను మార్చుకున్నాయి. 12 లక్షల మంది దాకా ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, 4 లక్షల మంది దాకా ముస్లింలు టర్కీకి. ఈ లెక్కలో భాష చూడలేదు, మతం చూశారు. అందువల్ల గ్రీకు రాని, టర్కిష్ మాత్రమే వచ్చిన క్రైస్తవులు గ్రీసుకు 'తిరిగి' వెళ్లారు, టర్కిష్ రాని ముస్లింలు టర్కీకి. వాళ్లు ఎన్నడూ చూడని సొంత దేశాలకు. భాష అయినా మతం అయినా, గడి ఒకటే ఉంటే జరిగేది ఇదే. హాబ్స్‌బామ్ గొంతు గట్టిపడేది ఇలాంటి చోట్ల. నేను ఆయన్ను దానికి తప్పు పట్టలేను.

తూర్పుగాలి:

సరే. మరి సోవియట్ సామ్రాజ్యం మాటేమిటి? దాని మీద ఆయన గొంతు ఎందుకు గట్టిపడలేదు?

వేగుచుక్క:

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నాను, ఎందుకంటే ఆయన్ను ఇష్టపడేవాళ్లే దీన్ని ముందు ఎదుర్కోవాలి.

1936లో కేంబ్రిడ్జ్‌లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1956లో హంగరీలోకి సోవియట్ ట్యాంకులు వెళ్లినప్పుడు తోటి చరిత్రకారులు చాలామంది బయటికి వచ్చేశారు. ఆయన నిరసన లేఖ మీద సంతకం చేసి, పార్టీలోనే ఉండిపోయాడు. బెర్లిన్‌లో పదిహేనేళ్ల పిల్లవాడుగా దొరికిన ఆశను వదులుకోలేకపోయానని తర్వాత ఆత్మకథలో వివరించుకున్నాడు. నాకది అర్థమవుతుంది, ఒప్పుకోలేను. బుడాపెస్ట్‌లో చనిపోయినవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ వివరణకు విలువ లేదు.

చరిత్రకారుడిగా కూడా ఇక్కడ ఒక చోటు ఖాళీగా వదిలేశాడు. సోవియట్ యూనియన్ 1943లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ సంస్థను రద్దు చేసింది. 1944లో ప్రపంచ కార్మికుల గీతం 'ఇంటర్నేషనల్'ను తీసేసి సొంత జాతీయ గీతం పెట్టుకుంది. అంతర్జాతీయత ఒక రాజ్యం జెండాగా మారిపోవడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఉంటుందా? సంప్రదాయాల కల్పన మీద అంత గొప్పగా రాసిన మనిషి, ఈ కల్పన మీద ఒక పూర్తి అధ్యాయం రాసి ఉంటే ఎంత బాగుండేది.

ఆయన సామ్రాజ్యాలన్నిటి మీదా మెత్తగా లేడన్నది కూడా నిజం. 2003లో ఇరాక్ యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ ఏడాదే ఆయనకు 86 ఏళ్లు నిండాయి. తమ ప్రయోజనం చూసుకుంటూ, మానవాళికి మేలు చేస్తున్నామని నమ్మే సామ్రాజ్యం అంత ప్రమాదకరమైనవి చాలా తక్కువన్న అర్థంలో రాశాడు. ఆ మాట 1956 బుడాపెస్ట్‌కీ సరిగ్గా సరిపోతుంది. ఆయన ఆ రెండింటినీ కలిపి రాయలేదు. మనం కలిపి చదవచ్చు.

నల్లరేగడి:

వేగుచుక్క గారూ, ఈ పోస్టుకు ధన్యవాదాలు. అభిమానం ఉండి కూడా ఇలా రాయడం అందరివల్లా కాదు.

మడతపేజీ:

నేను అడిగిన దానికి ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి ఇవన్నీ చదివి, ఆయన ఆత్మకథలో 1933 భాగం మళ్లీ తీశాను. ఒక సంగతి ఇదివరకు నా కంట పడలేదు.

ఆయన ఆ ఏడాది లండన్ వెళ్లింది శరణార్థిగా కాదు. తండ్రి వల్ల పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు. బెర్లిన్ బడిలో ఆయన పక్కన కూర్చున్న యూదు పిల్లలకు లేనిదీ, ఆయనకు ఉన్నదీ ఆ కాగితం. ఆ తండ్రి ఈజిప్టులో ఉండటానికి కారణం బ్రిటిష్ సామ్రాజ్యమే. అంటే వియన్నా గదిలో స్నేహితులు వద్దన్నా తగిలించిన 'ఇంగ్లండ్' అన్న పేరు, కొన్నేళ్ల తర్వాత బెర్లిన్ నుంచి బయటపడే దారి అయింది.

నల్లరేగడి గారూ, ఆ కాగితం వెనకాల మీరు చెప్పిన 40 లక్షల చదరపు మైళ్లు ఉన్నాయి, ధాత కరువు ఉంది. గణాంకాలు గారూ, ఆ కాగితంలోనూ గడి ఒకటే. నా మొదటి ప్రశ్నకు ఇప్పుడు 'అవును' అనీ అనలేను, 'కాదు' అనీ అనలేను. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్' మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. అలెగ్జాండ్రియాలో తన తల్లిదండ్రులు ఎలా కలుసుకున్నారన్న దాంతోనే ఆ పుస్తకం మొదలవుతుంది. పోయినసారి ఆ పేజీలు తిప్పేసి నేరుగా అంకెల దగ్గరికి వెళ్లిపోయాను.

ఇసకతిన్నె:

ఆ పేజీలు నేనూ తిప్పేశాను. ఈ రాత్రికి చదువుతాను.